బావి కాడి డబ్బాలో ఏమున్నది?

జగిత్యాల జిల్లా బీర్పూర్ మండలంలో రోళ్లవాగు నీళ్లు అందే పొలాలు కొన్ని, అందనివి కొన్ని. అందని చోట బావో బోరో తప్పదు. బావి ఉన్నచోట ఒక రాతి కడీకో, చిన్న షెడ్డు గోడకో బిగించిన ఇనుప డబ్బా ఉంటుంది. దాన్ని స్టార్టరు అంటాం. ఆకుపచ్చ గుండీ నొక్కితే మోటరు నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. రోజుకు రెండు మూడుసార్లు చేత్తో ముట్టే వస్తువు అది. అయినా దాని మూత తీసి లోపల ఏమున్నదో తీరిగ్గా చూసినవాళ్లు తక్కువ. కాలినప్పుడు మెకానిక్ తీస్తాడు, అంతే.

ఇంట్లో లైటు స్విచ్చుకు అది పెద్దన్న లాంటిదని చాలామంది అనుకుంటారు. కరెంటు ఇవ్వడం, తీయడం మాత్రమే దాని పని అయితే ఇంత డబ్బా, ఇన్ని తీగలు, ఇంత ఖరీదు అక్కర్లేదు. ఆ డబ్బాలో సగానికి పైగా సామాను మోటరును నడపడానికి పెట్టింది కాదు, ఆపడానికి పెట్టింది. ఎప్పుడు ఆపాలో మనకు తెలియని వేళల్లో ఆపడానికి. ఈ ఒక్క సంగతి తెలియకనే రిలేను తీసేసి డైరెక్టు చేస్తాం, ఫ్యూజులో లావు తీగ చుడతాం, ఎర్తు తీగ తెగినా ఊరుకుంటాం.

డబ్బా సంగతి అర్థం కావాలంటే ముందు మోటరు స్వభావం తెలియాలి.

మన బావుల మీద ఉండేది త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటరు. 1880ల చివర్లో నికోలా టెస్లా, ఇటలీలో గెలీలియో ఫెరారిస్ ఎవరికి వారుగా కనిపెట్టిన సూత్రం. బయట ఇనుప రేకుల పేర్పు, దాని గాళ్లలో రాగి కాయిళ్లు. మూడు ఫేజుల కరెంటు ఒకదాని వెనుక ఒకటి ఆ కాయిళ్లలోకి వస్తుంటే లోపల అయస్కాంత క్షేత్రం గిరగిరా తిరుగుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు రెండు ధ్రువాల మోటరులో ఆ తిరుగుడు నిమిషానికి 3000 చుట్లు. మధ్యలో ఉండే రోటరుకు ఏ తీగా కలపరు. తిరిగే క్షేత్రమే దానిలో కరెంటు పుట్టించి వెంట లాక్కుపోతుంది. రోటరు ఎప్పుడూ కొంచెం వెనకబడే ఉంటుంది, 2900కు అటూ ఇటూ. పూర్తిగా అందుకుంటే దానిలో కరెంటు పుట్టదు, బలమూ ఉండదు. వెనకబడటమే దానికి నడిచే శక్తి.

ఇబ్బంది మొదటి క్షణాల్లో వస్తుంది. గుండీ నొక్కిన వెంటనే రోటరు నిలబడే ఉంటుంది, క్షేత్రం మాత్రం పూర్తి వేగంతో దాన్ని కోస్తూ పోతుంది. అప్పుడు రోటరులో పుట్టే కరెంటు విపరీతం, దానికి తగ్గట్టు లైను నుంచి లాగేదీ విపరీతం. 5 హెచ్‌పీ మోటరు మామూలుగా నడిచేటప్పుడు సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. లేచేటప్పుడు దానికి ఆరింతలు, అంటే 48 దాకా. కొద్ది క్షణాల్లో వేగం అందుకుని మామూలు స్థితికి వస్తుంది. ఈ 8, 48 అంకెలు గుర్తుపెట్టుకోండి, డబ్బాలోని ప్రతి వస్తువూ వీటి చుట్టే తిరుగుతుంది.

మూత తీయగానే నడిమధ్య కనిపించేది కాంటాక్టరు. దాని గుండెకాయ ఒక కాయిలు. మెకానిక్‌లు దీన్ని నోవోల్ట్ కాయిల్ అంటారు. కొందరు రైతులకు ఆ పేరు బిల్లు మీద మాత్రమే తెలుసు, ఎందుకంటే తరచూ కాలేది అదే. ఆకుపచ్చ గుండీ నొక్కితే ఈ కాయిల్లోకి కరెంటు వెళ్లి అది అయస్కాంతం అవుతుంది, ఎదురుగా ఉన్న ఇనుప దిమ్మను తనవైపు లాక్కుంటుంది. ఆ దిమ్మతోపాటు మూడు కాంటాక్టులు వచ్చి అతుక్కుంటాయి, మూడు ఫేజులూ మోటరుకు చేరతాయి. వేలు తీసినా కాయిలు వదలదు, పక్కనున్న చిన్న కాంటాక్టు దాన్ని పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే కాయిలు బలం పోతుంది, స్ప్రింగు దిమ్మను వెనక్కి తోస్తుంది. మళ్లీ కరెంటు వచ్చినా మోటరు తనంత తాను లేవదు. ఎవరో ఒకరు వచ్చి గుండీ నొక్కాలి. కరెంటు లేదని మీరు మోటరు మీద చెయ్యి పెట్టి ఉన్న సమయంలో అది హఠాత్తుగా తిరగకుండా ఆపేది ఈ ఏర్పాటే.

కాయిలు ఎదుటి ఇనుప దిమ్మ మొహం మీద, అంచు వెంబడి, రాగి రింగు ఒకటి పొదిగి ఉంటుంది. ఉంగరమంత కూడా ఉండదు. దాని పని తెలిస్తే ముచ్చటేస్తుంది. మన కరెంటు క్షణానికి వంద సార్లు సున్నాకు పడి లేస్తుంది. సున్నాకు పడ్డ ప్రతిసారీ అయస్కాంతం వదలాలి, స్ప్రింగు తోయాలి. అదే జరిగితే కాంటాక్టులు క్షణానికి వంద సార్లు కొట్టుకుంటాయి. ఆ రాగి రింగులో పుట్టే కరెంటు అసలు కరెంటుకు కొంచెం వెనకగా నడుస్తుంది. అసలుది సున్నా అయినప్పుడు దీని పట్టు మిగిలి ఉంటుంది, దిమ్మ జారిపోదు. స్టార్టరు ఒక్కసారిగా గట్టిగా జుయ్‌మని మోగడం మొదలుపెట్టిందంటే ఈ రింగు తెగిందనో, దిమ్మల మధ్య దుమ్మో తుప్పో చేరి సరిగ్గా అతుక్కోవడం లేదనో గుర్తు. లో వోల్టేజీకి కూడా అట్లాగే మోగి టపటప కొట్టుకుంటుంది. ఆ మోతను పట్టించుకోకుండా వదిలేస్తే ముందు కాయిలు మాడుతుంది, తర్వాత కాంటాక్టులు పోతాయి.

కాంటాక్టుల మొనల మీద వెండి మిశ్రమం ఉంటుంది. లోహాల్లో కరెంటును అన్నింటికంటే బాగా పోనిచ్చేది వెండే. మన పట్టీలు నల్లబడ్డట్టే అవీ నల్లబడతాయి. నల్లబడ్డాయని గరుకు కాగితం పెట్టి రుద్ది మెరిపించేవాళ్లను చూస్తుంటాం. అది పొరపాటు. ఆ నలుపు కరెంటును పెద్దగా అడ్డుకోదు, రుద్దితే పోయేది పలుచని వెండి పూత. అడుగున రాగి కనిపించేదాకా అరిగితే కాంటాక్టులు మార్చుకోవాలి. అప్పటిదాకా పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

కాంటాక్టరు కింద, చిన్న డయలుతో ఉండేది ఓవర్‌లోడ్ రిలే. డబ్బాలో ఎక్కువ తిట్లు తినేది ఇదే.

‘కాకా, ఈ రిలే ఊకె పడుతున్నది. డైరెక్టు చేసేస్తే అయిపోతది గదా?’ అని అడుగుతారు.

‘పడుతున్నదంటే మోటరుకు ఏదో అయితున్నది బిడ్డా. మొదలు అది చూడాలె’ అని పాత మెకానిక్ ఎవరైనా చెప్తాడు. నా మాట కూడా అదే.

రిలే లోపల మూడు ఫేజులకు మూడు సన్నని రేకులు ఉంటాయి. ఒక్కో రేకు రెండు వేర్వేరు లోహాలను అతికించింది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ. కాబట్టి రేకు వంగుతుంది. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ హారిసన్ అనే గడియారాల పనివాడు, ఎండకూ చలికీ ఓడ గడియారం తప్పు చూపకుండా ఉండటానికి వాడిన ఉపాయమిది. అదే ఇప్పుడు మన బావి కాడ పనిచేస్తున్నది. మోటరుకు వెళ్లే కరెంటు ఈ రేకుల్ని కూడా వేడెక్కిస్తుంది. మోటరు లోపల కాయిళ్లు ఎంత వేడెక్కుతున్నాయో రిలే బయట నుంచి అంచనా వేస్తుందన్నమాట. ఎక్కువైతే రేకు వంగి కాయిలు దారి తెంపుతుంది.

దీని గొప్పతనం నిదానంలో ఉంది. లేచేటప్పుడు 48 ఆంపియర్లు వచ్చినా, కొద్ది క్షణాలే కాబట్టి రేకు వంగదు, మోటరును లేవనిస్తుంది. కానీ మోటరు తన హద్దుకు ఒకటిన్నర రెట్లు కరెంటుతో నడుస్తూ ఉంటే, వేడెక్కి ఉన్న రిలే 2 నిమిషాల లోపు పడిపోవాలి. 20 శాతం మాత్రమే ఎక్కువైతే 2 గంటల లోపు. ఈ కాలాలు మన భారతీయ ప్రమాణాల్లో రాసి ఉన్నవే. డయలును మోటరు ప్లేటు మీద రాసిన ఆంపియర్ల దగ్గర పెడితేనే ఈ లెక్క నిలుస్తుంది. పడుతున్నదని డయలును చివరిదాకా తిప్పితే రిలే ఉన్నా లేనట్టే.

అది ఎందుకు పడుతుందో చెప్పుకోవాలంటే ఫేజు పోవడం గురించి చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మరు కాడ మూడింటిలో ఒక ఫ్యూజు పోయిందనుకోండి. నడుస్తున్న మోటరు ఆగదు. మిగిలిన రెండు ఫేజులు ఆ బరువంతా మోస్తాయి, వాటిలో కరెంటు దాదాపు 1.7 రెట్లవుతుంది. 8 ఉన్నది 13 దాటుతుంది. బయటికి నీళ్లు వస్తూనే ఉంటాయి, శబ్దం కొంచెం మారుతుంది, అంతే. రిలే సరిగ్గా ఉంటే ఆపుతుంది. లేకపోతే సాయంత్రానికి మోటరు రీవైండింగ్ షాపులో ఉంటుంది. స్టార్ పద్ధతిలో కలిపిన మోటరు అట్లా కాలితే, విప్పి చూసినప్పుడు రెండు ఫేజుల కాయిళ్లు బొగ్గులా నల్లగా, మూడో ఫేజువి కొత్తవాటిలా ఎర్రగా మెరుస్తూ కనిపిస్తాయి. అనుభవం ఉన్న వైండర్ ఒక్క చూపుతో, ‘ఇది లోడుకు కాలింది కాదు, ఫేజు పోయి కాలింది’ అని చెప్పగలుగుతాడు. రాగి తీగ మీది వార్నిషు పొరకు వేడే శత్రువు. పరిమితి దాటాక ప్రతి 10 డిగ్రీలకు దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఇంజినీర్ల లెక్క. ఒక్కసారి వేడెక్కి బతికిన మోటరు కూడా కొంత ఆయుష్షు పోగొట్టుకునే ఉంటుంది.

రిలేకు కనిపించని ప్రమాదం ఒకటి ఉంది. బోరులో నీళ్లు అడుగంటి పంపు ఖాళీగా తిరిగితే మోటరు మీద బరువు తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది. రిలే దాన్ని సుఖంగా ఉన్నట్టు లెక్కేస్తుంది. కానీ సబ్‌మెర్సిబుల్ మోటరుకు చల్లదనం ఇచ్చేది చుట్టూ ఉండే నీళ్లే, అవి లేక అది లోపలే మాడుతుంది. ఎండాకాలం బోర్లకు కరెంటు మరీ తగ్గినా ఆపే పరికరం విడిగా పెట్టుకోవాలని చెప్పేది ఇందుకే.

ఇక ఫ్యూజు. రిలే నిదానమైతే ఫ్యూజు తొందర. తీగలు ఒకదానికొకటి తగిలి వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారితే, రిలే రేకు వంగేలోపు అన్నీ కాలిపోతాయి. అప్పుడు సన్నని తీగ తాను కరిగి మిగతావాటిని కాపాడుతుంది. తీగ లావుకూ కరిగే కరెంటుకూ ఉన్న లెక్కను 1880ల్లో విలియం ప్రీస్ అనే టెలిగ్రాఫ్ ఇంజినీరు కట్టాడు. ఆ లెక్కన 1 మిల్లీమీటరు లావున్న రాగి తీగ కరగాలంటే సుమారు 80 ఆంపియర్లు కావాలి. పొలం కాడ ఫ్యూజు పోయినప్పుడు చేతికందిన కేబులు ముక్కను ఒలిచి, పోగులు మెలిపెట్టి, ఫ్యూజులో చుడతాం. ఆ మెలికకు ఎంత కరెంటు కావాలో ఎవరూ లెక్కించరు. 8 ఆంపియర్ల మోటరుకు అది ఫ్యూజు కాదు, మామూలు తీగ.

ఇప్పుడు ఆటో స్టార్టరు మాట. దాని పుట్టుకలో రైతు తప్పేమీ లేదు. వ్యవసాయానికి రోజుకు కొన్ని గంటలే, అదీ విడతలుగా, తరచూ అర్ధరాత్రి కరెంటు వచ్చిన రోజులు మన పెద్దలందరికీ గుర్తే. రాత్రిపూట పాములు, బురద, చీకటి దాటి బావి కాడికి పోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కరెంటు రాగానే మోటరు తనంత తాను లేచే పరికరం ఆ బాధకు దొరికిన జవాబు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, వాటిని తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది. ఎందుకో అంకెలతో చూద్దాం. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు మన వైపు ఇవ్వగలిగింది ఒక్కో ఫేజుకు 33 ఆంపియర్లు. నాలుగు 5 హెచ్‌పీ మోటర్లు మామూలుగా నడిస్తే 32, సరిగ్గా సరిపోతుంది. ఆ నాలుగింటికీ ఆటో స్టార్టర్లు ఉండి కరెంటు రాగానే ఒకేసారి లేస్తే 192. వోల్టేజీ కుప్పకూలుతుంది, ఏ మోటరూ సరిగ్గా లేవలేక లాగుతూనే ఉంటుంది. ఫ్యూజు ఉన్నచోట పోతుంది, లావు తీగ ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మరు కాయిలు పోతుంది. నాలుగు బావుల రైతులూ ట్రాన్స్‌ఫార్మరు బాగుపడి వచ్చేదాకా నారు వైపు చూస్తూ కూర్చోవాలి.

ట్రాన్స్‌ఫార్మరులో కదిలే వస్తువు ఒక్కటీ ఉండదు. 1831లో మైకేల్ ఫారడే చూపినట్టు, ఒక కాయిల్లో మారే కరెంటు పక్క కాయిల్లో కరెంటును పుట్టిస్తుంది. 11,000 వోల్టుల వైపు చుట్లు ఎక్కువ, 433 వోల్టుల వైపు తక్కువ. చుట్టూ నూనె, చల్లదనానికీ, కాయిళ్ల మధ్య కరెంటు దూకకుండా ఉండటానికీ. కొన్నింటికి పక్కన చిన్న గాజు గిన్నెలో నీలం గింజలు కనిపిస్తాయి. ట్రాన్స్‌ఫార్మరు లోపలికి పీల్చే గాలిలోని తేమను అవి పట్టుకుంటాయి. గులాబి రంగుకు తిరిగితే తడిసిపోయాయని అర్థం, లైన్మన్‌కు చెప్పాలి. నూనెలో తేమ చేరితే ఆ ట్రాన్స్‌ఫార్మరు ఎక్కువ కాలం ఉండదు.

స్టార్టరు పక్కన అల్యూమినియం డబ్బా ఉంటే అది కెపాసిటరు. ఎక్కువ పొలాల్లో ఇది ఉండదు, ఉన్నా తీగలు తెగి ఉంటుంది. దాని ఉపయోగం కంటికి కనిపించదు కనుక. మోటరు లోపలి అయస్కాంత క్షేత్రం కొంత శక్తిని లైను నుంచి తీసుకుంటుంది, వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది, క్షణానికి వంద సార్లు. ఖర్చయ్యేది లేదు, కానీ ఆ రాకపోకలకు తీగలు వేడెక్కుతాయి, వోల్టేజీ పడుతుంది. ప్రతిసారీ ఊరవతలి ట్రాన్స్‌ఫార్మరు దాకా పోయి అప్పు తెచ్చే బదులు, పక్కింట్లోనే చేబదులు దొరికితే ఎట్లుంటుంది? కెపాసిటరు ఆ పక్కిల్లు. 5 హెచ్‌పీ మోటరుకు 2 కేవీఏఆర్ కెపాసిటరు పెడితే లైను మీది కరెంటు సుమారు 8 నుంచి 6.7కు దిగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి తీగల్లో నష్టం దాదాపు 30 శాతం తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు చివరన ఉన్న బావికి లో వోల్టేజీ బాధ కొంచెం తగ్గాలంటే, ఆ లైను మీది రైతులందరూ కెపాసిటర్లు పెట్టుకోవాలి. ఒక్కరు పెడితే తేడా కనబడదు. కరెంటు తీశాక కూడా అందులో కొంతసేపు శక్తి నిలిచి ఉంటుంది. కొన్ని నిమిషాలు ఆగకుండా దాని మొనలు ముట్టుకోవద్దు.

సిరిసిల్లలో మరమగ్గాల కింద తిరిగే చిన్న మోటర్లకూ ఈ సూత్రాలే. అక్కడ శత్రువు నూలు దుమ్ము. మోటరు మీది గాళ్లలో దూదిలా పేరుకుని చల్లగాలిని అడ్డుకుంటుంది.

చివరికి మిగిలింది ఎర్తు. డబ్బాలో అన్నింటికన్నా చవకైనది, అన్నింటికన్నా ముందు నిర్లక్ష్యం అయ్యేది. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీఆంపియర్లు పారితేనే ప్రాణం మీదికి రావచ్చు. మోటరు తీసుకునే 8 ఆంపియర్లలో అది 250వ వంతు కూడా కాదు. ఎలుక కొరికిన తీగో, తేమకు దెబ్బతిన్న కేబులో ఇనుప డబ్బాకు తగిలితే, ఎర్తు తీగ ద్వారా కరెంటు భూమిలోకి పారాలి, ఫ్యూజు పోవాలి. కానీ ఎర్తు పైపు చుట్టూ మట్టి ఎండి 20 ఓముల నిరోధం ఉంటే, 230 వోల్టులకు పారేది 11 ఆంపియర్ల పైచిలుకు మాత్రమే. సరైన ఫ్యూజే దానికి వెంటనే కరగదు, 80 ఆంపియర్ల తీగ అసలే కరగదు. డబ్బా మీద కరెంటు అట్లాగే నిలబడి ఉంటుంది. మోటరు మామూలుగా తిరుగుతుంటుంది. కాళ్లు బురదలో పెట్టుకుని ఎర్ర గుండీ నొక్కడానికి చెయ్యి చాపినవాడే ఎర్తు అవుతాడు. పొలాల్లో కరెంటు షాకుతో పోయినవాళ్ల వార్త చదివినప్పుడల్లా నాకు ఆ రెండు తీగలే గుర్తుకొస్తాయి, లావైన ఫ్యూజు తీగ, తెగిన ఎర్తు తీగ. రెండూ కలిసి వచ్చిన చోట మనిషి పోతాడు.

ఎర్తుకు రెండున్నర మీటర్ల జీఐ పైపు భూమిలోకి నిలువుగా దించాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేయాలి, ఎండాకాలం వారానికి ఒకసారి నీళ్లు పోయాలి. స్టార్టరు డబ్బాకూ, మోటరు ఒంటికీ రెండింటికీ తీగ కలపాలి. దీనికి తోడు, వెళ్లిన కరెంటు పూర్తిగా తిరిగి రాకపోతే కనిపెట్టి తెంపే లీకేజీ బ్రేకరు పెట్టుకుంటే ఇంకా మంచిది. పొలం మోటరుకు ఎంత సామర్థ్యంది సరిపోతుందో లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

నాట్లకు ముందు ఒక్కసారి మెయిన్ తీసి, డబ్బా మూత విప్పించి చూడండి. డయలు మోటరు ప్లేటు అంకె మీద ఉన్నదా, ఫ్యూజులో ఉన్నది ఫ్యూజు తీగేనా, ఎర్తు తీగ భూమిదాకా చేరుతున్నదా చూసుకోండి. ట్రాన్స్‌ఫార్మరు కాడ ఫ్యూజు పోతే మాత్రం మీరు ఎక్కకండి. ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు తెంపే ఏబీ స్విచ్ దించినా మూడు బ్లేడ్లలో ఒకటి ఊడకుండా అతుక్కునే ఉండవచ్చు, కింద నుంచి అది కనబడకపోవచ్చు. లైన్మన్ లైన్ క్లియర్ తీసుకున్నాకే ఎక్కాలి. నీళ్లు ఒక పూట ఆలస్యమైనా పర్వాలేదు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి.